మిషన్‌కి మతం లేదంటే సరిపోద్దా?

మేం ఐ.టి.ఐ. వర్క్‌షాపులో అడుగుపెట్టిన మొదటిరోజు మాస్టారు చెప్పిన మొదటి మాట ఇది: "చూడండ్రా, మిషన్‌కి కులం లేదు, మతం లేదు. అజాగ్రత్తగా పెడితే ఎవడి చెయ్యయినా తెగుద్ది."

1992 ఆగస్టు అది. టర్నర్ ట్రేడు, రెండేళ్ళ శిక్షణ. మాచర్ల నుంచి, గురజాల నుంచి, పిడుగురాళ్ళ నుంచి, నరసరావుపేట నుంచి వచ్చిన మేం నలుగురం ముస్లిం పిల్లలం ఆ బ్యాచిలో ఉన్నాం. ఇద్దరం దూదేకులోళ్ళం, ఇద్దరం షేకులం. ఆ మాట వినంగానే మాకు ప్రాణం లేచొచ్చింది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు మా పేర్ల దగ్గర ఒక క్షణం ఆగే గొంతులు మాకు తెలుసు. అలా ఆగని చోటు ఒకటుందని అనుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత, చేతులు కాయలు కాసి, కళ్ళకు అద్దాలు వచ్చినాక, ఆ మాటను మళ్ళీ తిరగేసి చూడాలనిపిస్తోంది. అది అబద్ధం కాదు. కానీ అది ఎంతవరకు నిజం? ఎవరికి నిజం?

ముందు ఒక సంగతి. మిషన్‌కి మతం లేదని మాకు కొత్తగా తెలిసింది కాదు. మా తాతలకి అంతకు ముందే తెలుసు.

పల్నాడు నల్లరేగడి నేల. పత్తి పండే నేల. దూది ఏకటం మా తాతల పని. ఇంటి దూలానికి తాడు కట్టి, ఆ తాడుకి మనిషి నిలువంత విల్లు వేలాడదీసి, నరంతో చేసిన నారిని కొయ్యగుండుతో కొడుతుంటే దూది పొగలాగా లేచేది. పత్తి ఇంటికొచ్చే కాలంలో విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. పరుపులు, దిళ్ళు, బొంతలు. ఎవరి ఇంట్లో పెళ్ళయినా ఆ పరుపులో దూది మా తాతల చేతి మీదుగా పోయిందే. ఆ పనిని బట్టే మాకు పేరొచ్చింది. దూదేకుల, పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా. పేరులో గౌరవం తక్కువ, దూది ఎక్కువ.

1967లో నాగార్జునసాగర్ కుడికాలవకి నీళ్ళొదిలారు. కాలవ కింద పొలాలు మారినయ్. ఆ తర్వాతి ఏళ్ళలో పత్తి వాణిజ్య పంటగా పెరిగింది. పత్తి పెరిగితే దూదేకులోళ్ళకి పని పెరగాలి. పెరగలా. జిన్నింగు మిల్లులొచ్చినయ్, ఏకే మిషన్లొచ్చినయ్. విల్లు మనిషి రోజంతా ఏకే దూదిని మిషను గంటల్లో ఏకి పడేసింది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుఃఖం పత్రికల్లో వచ్చింది, రావాల్సిందే. విల్లు అటకెక్కిన ఇళ్ళ గురించి మాత్రం ఎవరూ రాయలా. విల్లు చప్పుడు చేస్తుంది గానీ ఆగిపోయినప్పుడు చప్పుడు కాదు గదా.

ఆ మిషన్‌కి కూడా మతం లేదు. మా తాత ముస్లిమని అది ఆయన పని లాక్కోలా. కానీ ఆ పనిమీద బతికేది ఎవరు? మేమే. మతం లేని మిషను సరిగ్గా ఒక కులం కంచంలోనే చెయ్యి పెట్టింది. ఎవరికి ఏ పని అన్నది మనుషులు ముందే పంచి పెట్టుకున్నారు కాబట్టి. మిషను వచ్చేసరికి ఆ పంపకం అయిపోయి ఉంది.

అందుకని నాయన మమ్మల్ని లేత్ నేర్చుకోమన్నాడు. "ఒక మిషను మన తిండి తీసింది, ఇంకో మిషను పెట్టాలి" అన్నాడు.

మొదట్లో మాకు లేత్‌ని ముట్టుకోనివ్వలా. బెంచి ముందు నిలబెట్టి, వైసులో ఇనుప ముక్క బిగించి, ఆకురాయి చేతికిచ్చారు. ముక్క నాలుగు మూలలూ లంబంగా రావాలి, పైతలం చదునుగా రావాలి. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనపడేది. మళ్ళీ రాకు. అరచేతులు బొబ్బలెక్కినయ్, బొబ్బలు చితికినయ్, కాయలు కాసినయ్. అప్పుడు లేత్ దగ్గరికి పంపారు.

లేత్ గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. కుమ్మరి సారెకి దగ్గరి చుట్టమే అనుకోండి. సారె మీద మట్టి తిరుగుద్ది, చెయ్యి నిలబడి రూపం ఇస్తది. లేత్ మీద ఇనుము తిరుగుద్ది, ఉలి నిలబడి చెక్కుద్ది. ఎడమవైపు చక్ ముక్కని పట్టుకుని తిప్పుద్ది. కుడివైపు టెయిల్‌స్టాక్ రెండో కొస మోస్తది. మధ్యలో కారేజి, దానిమీద క్రాస్‌స్లైడు, దానిమీద టూల్‌పోస్టు. ఒక చక్రం తిప్పితే ఉలి పొడుగునా పోతది, ఇంకోటి తిప్పితే లోపలికి పోతది. రెండు చేతులకీ రెండు వేరు పనులు. మొదట చేతులు మాట వినవు. కుడిచేయి చేసేదే ఎడమచేయీ చేస్తానంటది. కొన్ని వారాల తర్వాత ఒకరోజు, ఎందుకో తెలియకుండానే, వింటయ్. ఆరోజు ఇనుప రజను పొట్టుగా రాలకుండా రిబ్బనులాగా చుట్టలు చుట్టుకుంటా వచ్చింది. సబ్బునూనె నీళ్ళు దానిమీద పడి ఆవిరి లేస్తుంటే మేం నలుగురం ఆ చుట్టని చూస్తా నిలబడ్డాం.

కొలత దగ్గర మాకు అసలు పాఠం నేర్పిందీ లేతే. వెర్నియర్‌తో మిల్లీమీటరులో యాభయ్యో వంతు, మైక్రోమీటరుతో నూరో వంతు చూడాలి. తక్కువ చెక్కితే ఇంకోసారి చెక్కొచ్చు. ఎక్కువ చెక్కితే ఎవరూ తిరిగి అతికించలేరు. ఆ ముక్క తుక్కులోకే. అక్కడ సాకు చెల్లదు, సిఫారసు చెల్లదు. ఈ నిజాయితీ మాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుద్ది.

ఇక్కడే మొదటి ముల్లు గుచ్చుకుంది. మాలో ఒకడి జాబ్ బాగా కుదిరితే, "మీ సాయిబులకి ఈ పని రక్తంలోనే ఉంటదిరా" అనేవాళ్ళు. మెచ్చుకోలే. చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ బొబ్బలు? సందులోంచి వెలుగు చూసిన ఆ రోజులు? రక్తంలో ఉంటే నేర్చుకోవటం ఎందుకు? మా రక్తంలో ఏదన్నా ఉంటే దూది ఉండాలి, ఇనుము కాదు. నిజానికి ఆకురాయి పనిలో మా బ్యాచిలో అందరికన్నా బాగా చేసింది కారెంపూడి వైపు నుంచి వచ్చిన ఒక రైతుబిడ్డ. అతన్ని ఎవరూ రక్తం గురించి అడగలా. అతను కష్టపడ్డాడన్నారు. మా జాబ్ చెడితే "మీవోళ్ళకి ఓపిక తక్కువ" అన్నారు. బాగుంటే రక్తం, చెడితే మతం. ఈ రెండిటి మధ్యన మా చెయ్యి ఎక్కడికి పోయింది?

రోడ్డు పక్కన పంక్చర్ షాపు చూసి, మోటార్‌సైకిల్ మెకానిక్కుని చూసి, ఇది వీళ్ళ జాతి విద్య అనుకోవటం తేలిక. సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక ఇంకోటి చెప్పింది. నెలజీతం వచ్చే ఉద్యోగాల్లో ముస్లింలు బాగా తక్కువ, సొంత చిన్న పనుల మీద బతికేవాళ్ళు బాగా ఎక్కువ అని. జీతమిచ్చే తలుపు మూసుకున్నప్పుడు మనిషి రోడ్డు పక్కన పాన పట్టుకుని కూచుంటాడు. దాన్ని రక్తం అనటం, పుట్టుకని బట్టే పని అన్న పాత సూత్రాన్ని మాకూ తగిలించటమే.

అయితే మావాళ్ళు చేసే తప్పు కూడా చెప్పుకోవాలి. ఎవరన్నా మమ్మల్ని తక్కువ చేస్తే, మాలో చదువుకున్నవాళ్ళు వెంటనే అల్‌-జజరీ పేరెత్తుతారు. 1206లో యంత్రాల మీద అంత పెద్ద గ్రంథం పూర్తిచేసిన ముస్లిం ఇంజనీరు ఆయన. నిజమే, గొప్పవాడే. దావూద్ నబీ చేతిలో ఇనుము మెత్తబడిందని, ఆయన తన చేతి కష్టమే తిన్నాడని మసీదులో పెద్దలు చెప్పినప్పుడు మాకూ కళ్ళు చెమర్చేవి. కానీ అల్‌-జజరీ వారసులమని ఛాతీ విరుచుకోవటం కూడా రక్తం మాటే గదా. ఆయన నేర్చుకున్నాడు కాబట్టి ఆయనకొచ్చింది. మేం నేర్చుకుంటే మాకొస్తది. చేతి కష్టానికి పూర్వీకుల సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

లేత్ దగ్గర కొన్ని నియమాలుంటయ్. చక్‌లో చక్‌కీ వదిలి మిషన్ ఆన్ చెయ్యకూడదు, అది ఎగిరొచ్చి మొహం పగలగొడుద్ది. పొడుగు చేతుల చొక్కా వద్దు, వదులు బట్టలు వద్దు, ఉంగరం వద్దు. రజను చేత్తో లాగకూడదు. తిరుగుతున్న జాబ్‌ని కొలవకూడదు. మెడలో వేలాడేది ఏదీ ఉండకూడదు. వంగినప్పుడు అది చుట్టుకుంటే మనిషిని లాగేసుకుంటది. ఇవన్నీ సరైన నియమాలు. ఒక్కటి కూడా మేం కాదనం.

మాలో ఒకడి మెడలో తాయెత్తు ఉండేది. జాన్‌పహాడ్ సైదులు దర్గా దగ్గర వాళ్ళమ్మ కట్టించింది. పల్నాడులో ఎంతమందికి సైదా, సైదులు అని పేర్లున్నయ్యో లెక్కపెట్టండి, అందులో హిందువులెంతమందో కూడా లెక్కపెట్టండి, ఆ దర్గా ఎవరిదో తెలుస్తది. శిక్షకుల్లో ఒకాయన ఆ తాయెత్తు చూసి, "ఏందిరా ఈ మూఢనమ్మకం? తెంపి పారెయ్" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు తెంపాడు. పారెయ్యలా, జేబులో పెట్టుకున్నాడు. ఆరోజంతా వాడి చెయ్యి జేబు దగ్గరికే పోతా ఉండేది. ఆ పరధ్యానంలో రెండు జాబులు పాడుచేశాడు.

కార్తీకమాసంలో మా బ్యాచిలో ఒకబ్బాయి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మెడలో మాల, నల్లబట్టలు, లుంగీ. లేత్ దగ్గరికి రావటం ప్రమాదం. అతన్నెవరూ తెంపి పారెయ్యమన్లా. ఆ దీక్ష రోజులు అతనికి బెంచి పని ఇచ్చారు, తర్వాత అదనంగా మిషన్ మీద గంటలిచ్చి సరిచేశారు. స్వామీ అని పిలిచారు. మేమూ పిలిచాం. అతను మా స్నేహితుడే, అతనికి జరిగింది అన్యాయం అని మేం ఆరోజూ అన్లా, ఈరోజూ అనం. అతనికి జరిగింది న్యాయం. అతని భక్తికీ అతని ప్రాణానికీ రెండిటికీ దారి వెతికారు. మా ప్రశ్నల్లా ఒకటే. ఆ దారి వెతకటం వాళ్ళకి వచ్చు గదా, మా తాయెత్తు దగ్గర ఎందుకు రాలా?

లేత్‌కి మాలా ఒకటే, తాయెత్తూ ఒకటే. రెండిట్నీ ఒకేలాగా లాక్కుంటది. కానీ లేత్ మాట్లాడదు. మాట్లాడేది మనుషులు. ఒకదాన్ని దీక్ష అంటారు, రెండోదాన్ని మూఢనమ్మకం అంటారు. మిషన్‌కి మతం లేదనే మాట అక్కడ, సరిగ్గా అక్కడ, ఆగిపోద్ది.

1992 డిసెంబరు 6 ఆదివారం. సోమవారం మేం వర్క్‌షాపుకి పోవాలా వద్దా అని ఇళ్ళల్లో తర్జనభర్జనలు. పోయాం. ఎవరూ ఏమీ అన్లా. అదే కష్టమైంది. మిషన్లన్నీ తిరుగుతున్నయ్, మనుషులు మాట్లాడటం లేదు. చాపకూడు కథ చెప్పుకునే నేల మాది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒక్క చాపమీద కూచోబెట్టి తినిపించాడని పల్నాడులో పుట్టిన ప్రతి పిల్లాడికీ తెలుసు. ఆరోజు మధ్యాహ్నం మేం నలుగురం మా క్యారియర్లు తెచ్చుకుని వేపచెట్టు కింద ఒక్కళ్ళమే కూచున్నాం. కాసేపటికి ఆ కారెంపూడి అబ్బాయి వచ్చి మా పక్కన కూచుని తన గోంగూర పచ్చడి మూత తీశాడు. ఏమీ మాట్లాడలా. ఆ పూట మమ్మల్ని నిలబెట్టింది అతనే, యంత్రం కాదు.

లేత్‌కి రెండు రకాల చక్‌లుంటయ్. మూడు దవడల చక్ ఒకటి. ఒక్క తాళం తిప్పితే మూడు దవడలూ ఒకేసారి, ఒకే దూరం కదులుతయ్. గుండ్రటి కడ్డీని పెట్టి బిగిస్తే దానంతటదే సెంటర్లో నిలబడుద్ది. తేలిక, త్వరగా అయిపోద్ది. కానీ పోత పోసిన వంకర ముక్కని అందులో పెడితే మిషను వణికిపోద్ది, ఉలి విరుగుద్ది. దానికి నాలుగు దవడల చక్ కావాలి. అందులో ప్రతి దవడకీ వేరే మర. ఒకదాన్ని కాస్త వదులు చేసి, ఎదురుదాన్ని కాస్త బిగించి, సుద్దముక్క పట్టుకుని మెల్లగా తిప్పి చూసి, మళ్ళీ సరిచేసి, ఓపిగ్గా సెంటర్ చెయ్యాలి. అంతా అయినాక అది కూడా గుండ్రటి కడ్డీ లాగానే తిరుగుద్ది. రెండిటి గమ్యం ఒకటే, సెంటర్. దారి వేరు.

అందర్నీ ఒకేలాగా చూస్తే అదే సమానత్వం అని మాతో వాదించేవాళ్ళకి మేం ఈ చక్‌ల సంగతి చెప్తాం. ఒకే తాళంతో అందర్నీ బిగించేవాడికి, లోపం ముక్కలోనే కనపడుద్ది. "మిగతావాళ్ళంతా బాగానే తిరుగుతున్నారు గదా, మీరెందుకు వణుకుతారు?" అంటాడు. 1970లో వెనకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలని బి గ్రూపులో పెట్టారు. మాలో ఇద్దరికి సీటొచ్చింది దాంతోనే. ఇద్దరు షేకులకి అప్పట్లో ఏ ఆసరా లేదు, వాళ్ళు మార్కులతో వచ్చారు. షేకులతో సహా ఇంకొన్ని ముస్లిం సమూహాలకి ఇ గ్రూపు కింద 4 శాతం వచ్చింది 2007లో. దయ అన్నారు కొందరు, బుజ్జగింపు అన్నారు ఇంకొందరు. మాకది ఒక దవడని కాస్త జరపటం. అంతే.

సహనం అనే మాట కూడా అట్లాంటిదే. వర్క్‌షాపులో దాన్ని టాలరెన్స్ అంటారు. డ్రాయింగులో 25 మిల్లీమీటర్ల షాఫ్టు అని రాసి, దాని పక్కనే ఎంత ఎక్కువైనా ఫరవాలేదో, ఎంత తక్కువైనా ఫరవాలేదో రాస్తారు. పని మొదలెట్టకముందే రాస్తారు. చేసేవాడికీ, కొలిచేవాడికీ అదే కాయితం. బయట లోకంలో మమ్మల్ని సహిస్తున్నామనేవాళ్ళు ఆ కాయితం మాకెప్పుడూ చూపించలా. ఏది హద్దో వాళ్ళకే తెలుసు. క్రికెట్ మ్యాచి రోజు ఒక హద్దు, ఎన్నికలప్పుడు ఒక హద్దు, ఇల్లు అద్దెకడిగినప్పుడు ఇంకో హద్దు. శిక్షణ అయ్యి, జాతీయ సర్టిఫికెట్టు చేతికొచ్చినాక, ఒక షాపులో మా జాబ్ ముక్క చూసి "శభాష్" అన్న యజమాని, పేరడిగి "మళ్ళీ కబురు చేస్తాం" అన్నాడు. ఆ ముక్క కొలత కాయితం మీదున్నట్టే ఉంది. మా పేరు ఏ హద్దు దాటింది?

ఇంతవరకూ ఎదుటివాళ్ళని అడిగాం. మమ్మల్ని మేం అడుక్కోకపోతే ఇది వ్యాసం కాదు, ఫిర్యాదు అవుద్ది.

మేం నలుగురం ఒక్కటే అని బయటివాళ్ళ ముందు చెప్పుకున్నాం గానీ, మొదటి ఆరునెలలు షేకుల ఇంట్లో పెద్దలు దూదేకుల పిల్లల్ని "వీళ్ళకి ఉర్దూ కూడా రాదు, వీళ్ళేం ముసల్మాన్లు" అన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కోటప్పకొండ తిరనాళ్ళకి ప్రభ వెంట నడుస్తాం, పీర్ల పండక్కి గుండం చుట్టూ తిరుగుతాం. అటు సాయిబుల్లో చేరక, ఇటు హిందువుల్లో చేరక నిలబడ్డాం. ఆ చూపు మాలో మాకే ఉంటే, రక్తం మాట ఎత్తినందుకు బయటివాళ్ళ మీద కోపం తెచ్చుకునే హక్కు మాకు సగమే మిగులుద్ది. ఆ సంగతి ఒప్పుకోటానికి షేకులకి చాలా ఏళ్ళు పట్టింది. చెప్పటానికి దూదేకులకి కూడా అన్నేళ్ళు పట్టింది.

ఇంకోటి. మా అక్కచెల్లెళ్ళు అందరూ కుట్టుమిషను తొక్కినవాళ్ళే. గుడ్డమీద కొలత తప్పకుండా కత్తెర పెట్టే చేతులు. ఎక్కువ కత్తిరిస్తే తిరిగి అతకదని మాకన్నా ముందే తెలిసినవాళ్ళు. వాళ్ళలో ఒక్కర్ని కూడా మేం లేత్ దగ్గరికి రమ్మన్లా. అది ఆడపిల్లల పని కాదన్నాం. మిషన్‌కి మతం లేదన్న మాట అర్థసత్యమని ఇంత వాదిస్తున్న మేం, మిషన్‌కి ఆడామగా కూడా తెలియదన్న సంగతి మా ఇంట్లో ఎప్పుడూ ఎత్తలా. మా వంతొచ్చినప్పుడు మేమూ ఒక్క తాళంతోనే బిగించాం.

కాబట్టి మాస్టారి మాటకి మా జవాబు ఇది. మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. మిషన్‌కి మతం లేదు. అందుకే అది అన్యాయం చెయ్యదు, న్యాయం కూడా చెయ్యలేదు. దాని ముందు ఎవరు నిలబడాలి, ఎవర్ని నిలబడనివ్వాలి, నిలబడ్డవాడి మెడలోదాన్ని ఏమనాలి, ఇవన్నీ మనుషులు తేల్చేవి. వాళ్ళు తేల్చాల్సింది మిషను తేలుస్తదని చెప్పి తప్పుకోకూడదు.

ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ లేత్‌లొచ్చినయ్. అంకెలు పెడితే ఉలి తనంతట తనే కదులుద్ది. మాబోటి చిన్న షాపుల్లో మాత్రం బోరు మోటార్ల షాఫ్టులకి, ట్రాక్టర్ల బుష్షులకి పాత లేతే దిక్కు. పని నేర్చుకోటానికి పిల్లలొస్తుంటారు, అన్ని ఇళ్ళ నుంచీ. మెడలో సిలువ ఉన్నవాడు, మాల ఉన్నవాడు, తాయెత్తు ఉన్నవాడు. మెడలో ఏదీ ఉండకూడదన్న నియమం మేం సడలించలా. కాకపోతే టూల్‌ రాకు పైన ఒక మూతడబ్బా పెట్టాం. లోపల శుభ్రమైన బట్ట పరిచాం. వచ్చినవాడు తనది తీసి, తన చేత్తోనే అందులో పెట్టుకుని, పని అయినాక తన చేత్తోనే తీసుకుంటాడు. ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోరు, దాన్ని చూసి ఎవరూ నవ్వరు. ఆ తర్వాతే వాడి చేతికి చక్‌కీ ఇస్తాం.